పిల్లికళ్ల వెంట వచ్చింది

ఈ బొంగురు గొంతు మా బాపుది, అంటే మా నాన్నది. ఆడపిల్లకు ఇదేం గొంతని చిన్నప్పుడు అందరూ నవ్వేవాళ్లు. బాపు మాత్రం "నాదే దానికొచ్చింది, తియ్యి" అని సంబరపడేవాడు. బాపు నుంచి నాకు ఇంకొకటి కూడా వచ్చిందని ఆయన పోయిన చాలా ఏళ్లకు తెలిసింది. అది ఆయనకూ తెలియదు. తెలియకుండానే ఇచ్చాడు, నేను తెలియకుండానే తీసుకున్నాను.

నేను చెప్తున్నాను, నా కోడలు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. మధ్యలో నేను ఆగితే కోడలు నా ముఖంలోకి చూస్తుంది. అందుకని ఆగకుండా చెప్పేస్తాను.

బాపుకు ఒక్కతే అక్క. నాకు మేనత్త. ఆమె కొడుకుకు నన్నిచ్చారు, ఆమె బిడ్డను మా అన్నకు తెచ్చారు. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు. దీన్ని మా వైపు కుండమార్పిడి అంటారు. నా పెనిమిటి అక్కే నాకు వదిన, మా అన్నే నా పెనిమిటికి బావ. ఎక్కడ కూర్చున్నా మన ఇల్లే, ఎవరికి కోపమొచ్చినా మన మనిషే. అదే మంచిదనుకున్నాం. ఇప్పటికీ చెడ్డదని అనలేను. ఆ ఇంట్లో నన్ను ఎవరూ పరాయిదానిలా చూడలేదు.

మాది కరీంనగర్ దగ్గర సాంచాల ఊరు. సాంచా అంటే కరెంటు మగ్గం. నా పెనిమిటి సాంచా నడిపేవాడు, నేను ఇంట్లో దానికి నూలు కండెలు చుట్టేదాన్ని. అన్న ఈ పని మనకు అచ్చిరాదని చెన్నూరు దిక్కు పోయి, చేను కౌలుకు పట్టి పత్తి పెట్టాడు. మాకు మొదట కొడుకు పుట్టాడు. గట్టి పిల్లగాడు. తర్వాత ఆడబిడ్డ.

బిడ్డ పుట్టగానే మా అత్త వంగి దాని రెప్పలు ఎత్తి చూసింది. "పిల్లికండ్లే!" అని చప్పట్లు కొట్టింది. నాకూ నా పెనిమిటికీ కళ్లు నల్లవి. అత్తవీ బాపువీ నల్లవే. అత్త వాళ్ల నాయనమ్మకు మాత్రం తేనె రంగు కళ్లు ఉండేవట. అంతమందిని దాటుకుని, ఎవరి కంట్లోనూ కనిపించకుండా వచ్చి, ఆ రంగు నా బిడ్డ కళ్లలో బయటపడింది. అదే ఏడాది మా వదినకూ బిడ్డ పుట్టింది. దానికీ అవే కళ్లు. ఇద్దరినీ ఒక చాప మీద పడుకోబెడితే ఎవరు ఎవరో తెలియదని చుట్టాలు నవ్వేవాళ్లు. మా అన్న తన బిడ్డను ఎత్తి నా కొడుకు ఒళ్లో పెట్టి, "ఇగో అల్లుడా, నీ పెండ్లాన్ని జర మంచిగ పట్టుకో" అన్నాడు. వాడు భయపడి ఏడ్చాడు. ఆ నవ్వులాటే మాట అయింది, మాట ఖాయమైంది.

ఏడాది తిరగకముందే నా బిడ్డ పాలిపోయింది. వదిన బిడ్డ గోడ పట్టుకుని నడుస్తుంటే నాది కూర్చోలేకపోయేది. పొట్ట మాత్రం ఉబ్బింది. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం. పాలు పడలేదన్నారు, నా కడుపు వేడి అన్నారు. చివరికి కరీంనగర్‌లో పెద్ద దవాఖానకు పోతే రక్తం పరీక్ష చేసి తలసేమియా అన్నారు. ఒంట్లో మంచి రక్తం తయారు కాదు, బతికినన్నాళ్లూ బయటి రక్తం ఎక్కించాలి.

"మాకేం రోగం లేదు గద మేడం? పొద్దుందాక సాంచ కాడ నిలబడుత నేను" అన్నాడు నా పెనిమిటి.

ఆ డాక్టరమ్మ పెద్దావిడ. నా చేయి పట్టుకుని గాజుల మీద వేలు పెట్టింది. "చూడమ్మా, రక్తం తయారు చేసే పనికి ప్రతి మనిషికీ రెండు గాజులు ఉంటాయనుకో. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. నీకు ఒకటి మంచిది, ఒకటి పగిలింది. మీ ఆయనకూ అంతే. ఒక్కటి మంచిదైతే చాలు, పని నడుస్తుంది, అందుకే మీకు తెలియలేదు. బిడ్డ పుట్టేటప్పుడు నువ్వొకటి ఇస్తావు, ఆయనొకటి ఇస్తాడు. కళ్లు మూసుకుని ఇచ్చినట్టే. ఏది ఇవ్వాలో మీ చేతిలో లేదు. ఈ పిల్లకు ఇద్దరి నుంచీ పగిలిందే వచ్చింది."

నా పెనిమిటి తన ఉత్త చేతులు చూసుకుని, "నాకు గాజులెక్కడియి మేడం" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"మల్ల పుట్టేటోళ్లు మంచిగుంటరా? ఒకరికొచ్చిందంటే అయిపోయినట్టేనా?" అని అడిగాను.

"అయిపోవడం ఉండదమ్మా. ప్రతి కాన్పుకూ మళ్లీ మొదటి నుంచే. నాలుగు దారుల్లో ఒక దారి ఇట్లా పోతుంది. ముందు పుట్టినవాళ్లను చూసి తర్వాతి బిడ్డకు దారి మారదు."

మేము ఇంకో బిడ్డను కనలేదు.

రక్తం ఎక్కించిన రోజున దాని పెదాలు ఎర్రబడేవి, బస్సులో పాటలు పాడేది. రోజులు గడిచేకొద్దీ మళ్లీ తెల్లబడేది. దాని అన్న దాన్ని వీపు మీద ఎక్కించుకుని బస్టాండు దాకా మోసేవాడు. బళ్లో వేశాం. పలక మీద తన పేరు రాయడం నేర్చింది, నాకూ నేర్పుతానంది. ఒక వానాకాలం జ్వరం వచ్చింది, తగ్గలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పను. కోడలా, తర్వాతిది రాయి.

కొన్నేళ్లకు నా పెనిమిటి కూడా పోయాడు. గుండె ఆగి సాంచా పక్కనే కూలబడ్డాడు. నా గాజులు తీసేశారు. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించిన ఆ చేతులు ఉత్తవైనాయి. గాజులు పోయినా ఆమె చెప్పిన మాట పోలేదు.

ఈ ఏళ్లన్నీ నేను ఒక ఆశ మీద బతికాను. అన్న బిడ్డ పెరుగుతోంది. ఎండాకాలం సెలవులకు మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి "అత్తమ్మా" అని పిలిచేది. అవే తేనె కళ్లు, వాటిని తిప్పడం కూడా నా బిడ్డ లాగానే. నా బిడ్డ ఉంటే ఇంత పొడుగు అయ్యేదని చూసేదాన్ని. అది కోడలై వస్తే ఆ కళ్లు మళ్లీ మా ఇంట్లో తిరుగుతాయి. ఇది ఎవరికీ చెప్పలేదు. పైకి మాత్రం మాట తప్పొద్దు కదా అనేదాన్ని.

కొడుక్కి పని దొరికి నిలదొక్కుకున్నాక పెళ్లి మాట వచ్చింది. అన్న పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, రోజు చూడమన్నాడు. ఆ వారంలోనే కొడుకు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకుండానే నా ముందు కూర్చున్నాడు. మా దిక్కు తల్లిని అవ్వ అనే పిలుస్తారు.

"అవ్వా, నేను రక్తం జూపిచ్చుకున్న. నాకు ఒకటి పగిలిందే ఉన్నది."

నేను కండె చుట్టడం ఆపలేదు. 

"మరదలు గూడ జూపిచ్చుకోవాలె" అన్నాడు. "దానికి లేకుంటె ఏ ఫికర్ లేదు, పిల్లలకు రోగం రాదు. ఉంటె మాత్రం..." అని చెల్లెలి ఫొటో దిక్కు చూశాడు.

చెన్నూరు పోయాను. అన్న వాకిట్లో బోరెంలో, అంటే మనిషంత గోనెసంచిలో, నిలబడి పత్తి తొక్కుతున్నాడు. బయటికి వచ్చి నా చేతిసంచి అందుకున్నాడు. నీళ్లు తాగించాడు. అప్పుడు చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"ఏందే చెల్లె, నా బిడ్డ రక్తం మీద అనుమానమా? పెండ్లికి ముందు పిల్లను దవాఖానకు తోలుకపోతె ఊరు ఏమంటది? ఏం రోగమో ఏమో అంటది. రేపు నీ కొడుకు కాదంటె ఇంకెవడన్న నా గడప తొక్కుతడా? ఇజ్జత్ పోతది."

"నా కొడుకు గూడ జూపిచ్చుకున్నడు గదన్నా."

"వాడు మొగోడు. వానికేమయితది? అయినా గది మన వంశంల లేదు. నీ అత్తగారింటిది."

"నా అత్త ఎవలన్నా? మన బాపు తోడబుట్టిందే గద."

 అన్న పత్తి తొక్కడానికి మళ్లీ బోరెంలోకి దిగాడు. వదిన గడపలో నిలబడి అంతా విన్నది. నేను బస్సెక్కేటప్పుడు సంచిలో నాలుగు జామకాయలు వేసింది. పిల్ల నాతో బస్టాండు దాకా వచ్చింది. "బాపు జర గరం మనిషి, నువ్వు నారాజ్ కాకు అత్తమ్మా" అంది.

కొన్నాళ్లకు అన్న, వదిన కలిసి మా ఇంటికొచ్చారు. అన్న చేతిలో బాలూషా మిఠాయి పొట్లం. గుమ్మంలోనే గట్టిగా అన్నాడు: "అయిపోయింది చెల్లె! రక్తం జూపిచ్చిన. ఒక్క మచ్చ లేదు. బంగారం!"

 ఒక్క క్షణం తేనె కళ్ల పిల్ల మా ఇంట్లో పసుపు బట్టలతో తిరుగుతున్నట్టే కనబడింది. దేవునికి దండం పెట్టాను. "పిల్ల భయపడ్డదా సూదికి?" అని అడిగాను.

"పిల్లనెందుకు తోలుకపోత? నాదే జూపిచ్చిన. మంచిర్యాల పోయి, ఎవలకు ఎరుక లేకుంట. నా రక్తమే గద నా బిడ్డది! నాది మంచిగున్నంక దానిది మంచిగుండక ఎటుపోతది?"

నా కొడుకు మెల్లగా అన్నాడు. "మామా, నీ దిక్కు నుంచి మంచి గాజే పోయి ఉంటది. కని అత్తమ్మ దిక్కు నుంచి?"

"విత్తనం నాదిరా!" అన్నాడు అన్న. "నేను రైతును, నాకు జెప్తున్నవా? విత్తనం మంచిదైతె మొలక మంచిది. ఆడిది భూమి అసొంటిది. భూమి పెంచుతది, గంతే."

వదిన వంటింట్లో చాయ పెడుతోంది. గిన్నె దించిన చప్పుడు వినబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మా అన్న ముందు ఆమె గొంతు ఎత్తడం నేను అంతకుముందు చూడలేదు.

"నీ పాకిట్ పత్తి యాదికున్నదా?" అంది.

"గిప్పుడు పత్తి ముచ్చటేందే?"

"ఒక ఏడాది పాకిట్ విత్తనం మంచిగ కాసిందని, మల్ల కొనుడెందుకని గా చెట్ల గింజలే దాచిపెట్టి వేసినవ్. వద్దంటె ఇన్నవా? చేను అదే, చెయ్యి నీదే. ఏమొచ్చింది? ఒక చెట్టు నడుమంత, ఒక చెట్టు మోకాలంత. ఒకటి కాయ పట్టింది, ఒకటి ఉత్తగ నిలబడ్డది. చేన్ల కూసోని తల పట్టుకున్నవ్. ఎక్కడికెళ్లి వచ్చిందంటవ్ గదంత? భూమి చేసిందా?"

అన్న బాలూషా పొట్లం ముడి విప్పుతూ ఉండిపోయాడు.

"లోపటున్నదే బయటికొచ్చింది" అంది వదిన. "నీకు పిల్లికండ్లున్నయా? నాకున్నయా? మరి బిడ్డకెట్లొచ్చినయి? ఇద్దరి లోపటా దాక్కోని ఉన్నయి కాబట్టే వచ్చినయి. కండ్లు వచ్చిన తొవ్వ ఉన్నప్పుడు గా రోగం రానీకి తొవ్వ లేదా? నా తమ్మునికి వచ్చింది. మా అవ్వ కడుపుల నేను గూడ పుట్టిన. నీ రక్తం జూసుకోని సంబురపడుతున్నవ్. నా రక్తం ఎవలు జూసిండ్రు?"

 చాయ చల్లారింది. బాలూషా ఎవరూ తినలేదు. వాళ్లు పోయాక పక్కింటి పిల్లలకు పంచాను.

వదిన మళ్లీ అన్నను అడగలేదు. పత్తి అమ్మడానికి ఆయన పోయిన రోజు బిడ్డను తీసుకుని కరీంనగర్ వచ్చేసింది. నేనూ కొడుకూ అక్కడికి పోయాం. తల్లీ బిడ్డా ఇద్దరూ చేయి చాచి రక్తం ఇచ్చారు. ఫలితం చెప్పే రోజు మళ్లీ నలుగురం కలిశాం. డాక్టరమ్మ మారింది, ఈమె వయసులో చిన్నది. వదినకు ఒకటి పగిలింది ఉంది. పిల్లకూ ఉంది.

పిల్ల నా దిక్కు చూసింది. ఆ కళ్లు. నేను తల దించుకున్నాను.

"వీళ్లకు పెళ్లయితే, బిడ్డ కడుపులో ఉండగానే పరీక్ష చేసి చెప్పవచ్చు. హైదరాబాద్ పోవాలి. తర్వాత ఉంచుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం" అంది డాక్టరమ్మ. పిల్ల అడ్డంగా తల ఊపింది. "అట్ల చూసి తీసేసుకునుడు నాతోని కాదు మేడం." నా కొడుకు గోడకానుకుని నిలబడ్డాడు.

బస్టాండులో చెరుకు రసం తాగించాడు వాడు. ఇద్దరూ బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. ఎప్పుడూ "బావా, నీ ముక్కు చిలుక ముక్కు" అని ఏడిపించే పిల్ల గ్లాసు తిప్పుతూ ఉంది.

"చిన్నప్పుడు నేను నీ చెల్లెతోని ఆడుకునేదాన్ని" అంది చివరికి. "దవాఖాన నుంచొచ్చి చేతులకు దూదులు చూపెట్టేది. గాజులు తొడిగిన్లని చెప్పేది. నాకు యాదికుంది బావా."

వాడు గ్లాసు కింద పెట్టాడు. బస్సు వచ్చింది.

అన్నకు తెలిసింది. మూడో రోజే వచ్చాడు. ఈసారి కేకలు వేయలేదు. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, నా ముందు నేల మీద కూర్చున్నాడు. మా అన్నను నేల మీద చూడటం నాకు కష్టమనిపించింది.

"చెల్లె, అయ్యిందేదో అయ్యింది. పెండ్లి జేద్దాం. నలుగురిల ముగ్గురు మంచిగుంటరట గద? గా డాక్టరే జెప్పిందట. ఇప్పుడు నువ్వు కాదంటె నా బిడ్డనెవలు జేసుకుంటరు? నువ్వు దాన్ని నీ బిడ్డ లెక్కనే చూసినవ్. దాని కండ్లు జూడు, నీ బిడ్డ కండ్లే. నీ ఇంటికే రానీ."

నేను ఎవరికీ చెప్పని మాటను ఆయన బయటపెట్టాడు. అన్నకు తెలుసన్నమాట. అందరికీ తెలుసేమో. ఔననడానికి నోటిదాకా వచ్చింది. ముగ్గురు మంచిగా ఉంటారు, దేవుడు చూసుకుంటాడు, ఔను అంటే అయిపోతుంది. నా కొడుకు నన్నే చూస్తున్నాడు. నువ్వేమంటే అదే అన్నట్టు ఉంది వాడి ముఖం.

"అన్నా" అన్నాను. నా గొంతు నాకే బాపు గొంతులా వినబడింది. "ముగ్గురి ముచ్చట నాకు జెప్పకు. నేను నాలుగోదాన్ని ఎత్తుకోని తిరిగిన. సూది పెట్టనీకి నరం దొరకకుంటె, దాని చేతులు నేనే పట్టుకున్న. అవ్వా ఇడిసిపెట్టు అని అడిగేది. నీ బిడ్డ చేతుల అసొంటి బిడ్డను నేను పెట్టలేనన్నా. దాని మీద నాకు ప్రేమ, పావురం ఉన్నది. గందుకే వద్దంటున్న."

అన్న లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. "నీ పెనిమిటి సచ్చినంక నిన్ను జూసుకున్నది నేను" అన్నాడు. నిజమే. ఆయన చేసినవన్నీ నిజమే. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

పిల్లకు సంబంధాలు వచ్చినప్పుడు వదిన దాచలేదు. "మా బిడ్డకు ఒంట్లో ఏ రోగం లేదు. కని పిల్లగాడు రక్తం జూపిచ్చుకోని రావాలె, రెండు దిక్కులా ఉంటె పిల్లలకు కష్టం" అని ముఖం మీద చెప్పేది. చాలామంది చాయ తాగి వెళ్లిపోయారు. ఖానాపూర్ దిక్కు నుంచి ఒక పిల్లగాడు చూపించుకుని వచ్చాడు. ఏమీ లేదు. పెళ్లయింది. అన్న నన్ను పిలవలేదు, వదిన పిలిచింది. మొగుడు పోయినదాన్ని కదా, వెనుక వరుసలో కూర్చున్నాను. నిండుగా గాజులతో పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని నా ఉత్త చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.  వాళ్లు పిలిచేదాకా అట్లాగే కూర్చుంది.

నా కొడుక్కి మా చుట్టరికం కాని ఇంటి పిల్లను తెచ్చాం. ఇప్పుడు రాస్తున్నది ఆమే. పెళ్లికి ముందు రక్తం చూపించుకోమంటే, "నాదొక్కటే ఎందుకు, ఇంట్లో అందరిదీ చూద్దాం" అని వాళ్ల తమ్ముణ్ని కూడా తీసుకెళ్లింది. అందరివీ మంచివే. రోగమున్న బిడ్డ మాకు పుట్టదు. పగిలిన గాజు ఒకటి మాత్రం నా కొడుకు నుంచి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా బిడ్డకు ఏమీ కాదు. పెళ్లీడుకు వచ్చినప్పుడు తెలిసి ఉండాలి, అంతే. నేను ఉంటానో ఉండనో. అందుకే ఇది రాయిస్తున్నాను.

మనుమరాలు పుట్టి నెల దాటింది. నిన్న మధ్యాహ్నం గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. అన్న. ముసలివాడైపోయాడు. వదిన వెనకాల ఉంది. ఆయన నాతో మాట్లాడకుండా నేరుగా ఊయల దగ్గరికి పోయి వంగాడు. వేలితో రెప్ప మెల్లగా ఎత్తి చూశాడు, మా అత్త చూసినట్టే.

"నల్లటియే" అన్నాడు.

"నల్లటియే అన్నా" అన్నాను.

చాలాసేపు ఊయల తాడు పట్టుకుని ఊపాడు. తర్వాత నా దిక్కు తిరిగాడు. ఇన్నేళ్లకు నన్ను అడిగిన మొదటి మాట అది.

"రక్తం జూపిచ్చిన్లా?"

"ఇప్పుడు జూస్తె తెల్వదట. ఏడాది నిండాలట."

తల ఊపాడు. ఊయల మళ్లీ ఊపాడు.

"మరువకుండ్రి" అన్నాడు.